మదర్స్ డే పుట్టింది అమ్మల సంఘంలోనే



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, బ్యాంకు లింకేజీ వివరాలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. నాకు అప్పగించిన పని వేరు. మొన్న మే నెలలో ఎస్.ఆర్. నగర్ సంఘాల వాళ్లం కలిసి అమ్మల కోసం చేతితో కార్డులు తయారు చేశాం. అమ్మల అనుభవాలు ఒక పుస్తకంలో రాయడం కూడా మొదలుపెట్టాం. దాని గురించి రాయమన్నారు. కార్డుల సంగతి మాట్లాడుకున్న మీటింగులోనే ఒక అక్క లేచి అడిగింది: "ఈ మదర్స్ డే మనదేనా? షాపులోళ్లు, ఫోన్లోళ్లు తెచ్చిన పండుగ గదా. మనకెందుకు?" ఆ రోజు ఎవరమూ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. తర్వాత లైబ్రరీలో పుస్తకాలు చూసి, చదువుకున్నవాళ్లను అడిగి నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా. నేను పదో తరగతి వరకే చదివినదాన్ని. భాషలో తప్పులుంటే సర్దుకోండి.

అమెరికాలో ఒక తల్లి, ఒక కూతురు

మదర్స్ డే మొదలుపెట్టింది కార్డుల కంపెనీ అని చాలామంది అనుకుంటారు. అసలు కథ వేరు. అమెరికాలో ఇప్పుడు వెస్ట్ వర్జీనియా అని పిలిచే రాష్ట్రంలో ఆన్ రీవ్స్ జార్విస్ అనే ఆవిడ ఉండేది. ఆమెకు పదిమందికి పైగా పిల్లలు పుడితే పెద్దయ్యేదాకా బతికింది నలుగురే. మిగతావాళ్లను జబ్బులు ఎత్తుకుపోయాయి. అప్పట్లో ఆ కొండ ఊళ్లలో శుభ్రమైన నీళ్లు లేవు, మందులు లేవు. ఆమె ఏడ్చి ఊరుకోలేదు. 1858లో చుట్టుపక్కల ఊళ్లలో తల్లులను కూడగట్టి సంఘాలు పెట్టింది. వాటి పేరే మదర్స్ డే వర్క్ క్లబ్బులు.

ఆ సంఘాలు చేసిన పనులు వింటే మన సంఘాలే గుర్తుకొస్తాయి. తల్లులంతా కలిసి డబ్బులు పోగుచేసి పేదవాళ్లకు మందులు కొన్నారు. క్షయ వచ్చి మంచం పట్టిన తల్లి ఉంటే ఆ ఇంట్లో పని చేసిపెట్టడానికి మనిషిని మాట్లాడారు. పిల్లలకు పోసే పాలు మంచివో కాదో చూశారు. ఇంటి చుట్టూ శుభ్రంగా ఎట్లా ఉంచుకోవాలో ఇంటింటికీ తిరిగి చెప్పారు. 1861లో అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. ఒకే ఊళ్లో ఒక ఇంటి కొడుకు ఈ పక్క సైన్యంలో, ఇంకో ఇంటి కొడుకు ఆ పక్క సైన్యంలో. ఈ తల్లుల సంఘాలు మాత్రం ఏ పక్క సైనికుడైనా మా బిడ్డే అని రెండు వైపుల వాళ్లకూ సేవ చేశాయి. యుద్ధం అయిపోయాక 1868లో రెండు పక్షాల కుటుంబాలను ఒక్కచోట కూర్చోబెట్టి స్నేహ దినం జరిపారు.

ఆ తల్లి 1905లో చనిపోయింది. ఆమె కూతురు ఆనా జార్విస్. ఆమె పెళ్లి చేసుకోలేదు, ఆమెకు పిల్లలు లేరు. అమ్మ పేరు నిలబెట్టాలని 1908 మే 10న గ్రాఫ్టన్ అనే ఊళ్లో, తల్లి పిల్లలకు పాఠాలు చెప్పిన చర్చిలోనే మొదటి మదర్స్ డే జరిపించింది. అమ్మకు ఇష్టమైన తెల్ల కార్నేషన్ పూలు 500 పంపించింది. ఆ తర్వాత ఊరూరికీ, పెద్దలందరికీ ఉత్తరాలు రాసి రాసి చివరికి సాధించింది. 1914లో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ మే నెల రెండో ఆదివారాన్ని మదర్స్ డేగా ప్రకటించాడు.

కొన్నేళ్లు తిరిగేసరికి పూల వ్యాపారులు, మిఠాయి కంపెనీలు, కార్డులు అచ్చువేసేవాళ్లు ఆ రోజును పట్టుకున్నారు. ఆనా జార్విస్‌కు అది సహించలేదు. ఎవరో రాసిన మాటలు అచ్చయి ఉన్న కార్డు కొని అమ్మకు పంపడం అంటే, అమ్మకోసం నాలుగు ముక్కలు రాయడానికి కూడా బద్ధకమేనని ఆమె కోపం. సొంత చేతిరాతతో ఉత్తరం రాయమని చెప్పేది. "మదర్స్" అన్న మాటను కూడా ఒక్క తల్లి అనే అర్థం వచ్చేటట్టు రాయాలని పట్టుబట్టింది. ఎవరి తల్లిని వాళ్లు తలుచుకోవాలి అని ఆమె ఉద్దేశం. ఆ రోజును వ్యాపారం చేతుల్లోంచి తిరిగి తెచ్చుకోవాలని కోర్టుల చుట్టూ తిరిగింది, గొడవలు పడింది, చేతిలో ఉన్నదంతా ఖర్చు చేసింది. 1948లో ఒక శానిటోరియంలో చనిపోయింది.

కాబట్టి మన అక్క అడిగినదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. షాపులవాళ్లు ఆ రోజుకు తర్వాత వచ్చారు. ముందు ఉన్నది తల్లుల సంఘం. ఆ కూతురు అడిగింది చేతిరాత.

నీలోఫర్ కథ

అమ్మను గౌరవించడం అంటే ముందు అమ్మ బతకాలి. ఈ మాట మన హైదరాబాదులో కూడా ఒకావిడ చెప్పింది. ఏడో నిజాం రెండో కోడలు నీలోఫర్. ఆమెకూ పిల్లలు లేరు. ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి కాన్పు కష్టమై చనిపోయింది. ఇంకో రఫత్ ఇట్లా పోకూడదని ఆమె పట్టుదల పట్టడంతో తల్లులకు, పిల్లలకు ఆస్పత్రి కట్టే పని మొదలైంది. 1953లో రెడ్ హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి వచ్చింది. మన బస్తీల్లో నీలోఫర్ పేరు తెలియని తల్లి ఉండదు. పిల్లలకు జ్వరం ముదిరితే ఇప్పటికీ ఆటో ఎక్కి అక్కడికే పోతాం. ఆ పేరు వెనక కాన్పులో పోయిన ఒక పనమ్మాయి ఉందని మాత్రం చాలామందికి తెలియదు.

అమ్మవారికి కాగితం తొట్టెల

కాగితం మీద, కాగితంతో అమ్మకు మొక్కు చెల్లించడం మనకు కొత్తేమీ కాదు. ఆషాఢ మాసంలో బోనాలు వస్తే తొట్టెల చేస్తాం. సన్నటి వెదురు పుల్లలు కట్టి, వాటికి రంగు కాగితాలు అతికించి, ఉయ్యాల లాగా చేసి అమ్మవారికి సమర్పిస్తాం. తొట్టెల అంటేనే ఉయ్యాల. బిడ్డను ఊపే ఉయ్యాలను తల్లికే ఇస్తున్నాం. మన పక్కనే బల్కంపేట ఎల్లమ్మ తల్లి ఉంది. ఆషాఢంలో మొదటి మంగళవారం అమ్మవారి కల్యాణం జరిగితే మన గల్లీలన్నీ కిటకిటలాడిపోతాయి. ఆడవాళ్లు వండిన అన్నం కుండలో పెట్టి, నెత్తిన పెట్టుకుని నడిచిపోతారు. వంట చేసే చేతికి, మోసే నెత్తికి ఉన్న మర్యాద ఆ రోజు కనబడుతుంది. మే నెలలో మేం కార్డులు చేస్తుంటే రంగు కాగితం కత్తిరించడంలో అందరికన్నా చెయ్యి తిరిగినవాళ్లు ఎవరంటే, ఇండ్లల్లో తొట్టెలలు కట్టే పెద్దవాళ్లే.

అమ్మల కథలు పుస్తకాలైన తీరు

ఇప్పుడు పుస్తకాల సంగతి. మన తెలుగులో ఆడవాళ్ల బతుకులను పుస్తకంగా కూర్చాలని మొదట పూనుకున్నవాళ్లలో భండారు అచ్చమాంబ ఒకరు. 1874లో అప్పటి కృష్ణా జిల్లాలో, నందిగామ దగ్గర పుట్టింది. బడికి పోలేదు. చిన్నప్పుడే పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయన దగ్గరే అక్షరాలు నేర్చింది. ఈ లక్ష్మణరావు గారే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ఒకరు. అచ్చమాంబకు పుట్టిన పిల్లలు చిన్నతనంలోనే పోయారు. ఆ దుఃఖంలో ఉండి కూడా ఆమె దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. 1902లో మచిలీపట్నంలో ఇంకొకావిడతో కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టింది. 1905లో, ముప్పై ఏండ్లకే చనిపోయింది. అమెరికాలో ఆన్ రీవ్స్ జార్విస్ పోయింది కూడా ఆ సంవత్సరమే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలే లేదు. ఇద్దరూ పిల్లలను పోగొట్టుకున్నవాళ్లు, ఇద్దరూ ఆడవాళ్ల సంఘాలు పెట్టినవాళ్లు.

రెండో కథ మన పొదుపు సంఘాలన్నిటికీ పుట్టిల్లు లాంటిది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకు చదువు నేర్పే ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు వెలుతురులో తల్లులు పలకలు పట్టారు. దూబగుంట అనే ఊళ్లో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లు, మగవాళ్ల కూలి డబ్బంతా మింగేస్తున్న సారా అమ్మకాన్ని ఆపించారు. వాళ్లు చేసిన పనిని "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠంగా చేసి చదువు పుస్తకంలో అచ్చువేశారు. అక్షరాలు కూడబలుక్కుని ఆ పాఠం చదివిన వేరే ఊళ్ల తల్లులు, "వాళ్లు చేసింది మనమెందుకు చెయ్యం" అని లేచారు. ఊరి నుంచి ఊరికి పాకి రాష్ట్రమంతా సారా వ్యతిరేక ఉద్యమం అయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందాం అని అదే జిల్లాలో ఆడవాళ్లు పొదుపు మొదలుపెట్టారు. 1992లోనే నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని ప్రారంభించింది. ఈ రోజు మన చేతిలో ఉన్న పాసుపుస్తకం వెనక, తల్లుల అనుభవం రాసిన ఒక చిన్న పాఠం ఉంది. అమ్మల కథ రాస్తే ఏమొస్తది అని అడిగేవాళ్లకు ఈ ఒక్కటి చెప్తే చాలు.

మూడోది 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర". హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, వాళ్లు చెప్పింది రికార్డు చేసి, వాళ్ల మాటల్లోనే పుస్తకంగా తెచ్చారు. చాకలి ఐలమ్మ కూడా తన భూమి కథ అందులో చెప్పింది. పోరాటం చరిత్ర చాలామంది రాశారు. అడవిలో కాన్పు అయితే ఏం చేశారు, పసిబిడ్డ ఏడిస్తే దళం అంతా దొరికిపోతుందనే భయంలో తల్లి ఎట్లా ఉంది, బిడ్డను ఇంకొకరి చేతిలో పెట్టి నడిచిపోవడం ఎట్లా ఉంటది, ఇవి మాత్రం ఆడవాళ్లను అడిగితేనే బయటికొచ్చాయి.

నాలుగోది కొండపల్లి కోటేశ్వరమ్మ గారి "నిర్జన వారధి". 1918లో పామర్రులో పుట్టిన ఆమె బాల్యంలోనే వితంతువు అయింది. మళ్లీ పెళ్లి, పార్టీ పని, అజ్ఞాతవాసం, పిల్లలను తన తల్లి దగ్గర వదిలిపెట్టి తిరగడం, ఆ తర్వాత భర్త దూరం కావడం. అప్పుడు హైదరాబాదు వచ్చి, ముప్పై దాటిన వయసులో ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ చదివింది. తర్వాత కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం చేసి బతికింది. కొడుకు, కూతురు ఇద్దరూ ఆమె కళ్ల ముందే దూరమయ్యారు. మనవరాళ్లను ఆమే సాకింది. ఇదంతా రాసిన పుస్తకాన్ని 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్టు వాళ్లు అచ్చువేసేనాటికి ఆమెకు తొంభై దాటాయి. 2018లో నూరేళ్లు నిండి కన్నుమూసింది. ముప్పైల్లో పదో తరగతి పుస్తకాలు పట్టిన తల్లి తొంభైల్లో పుస్తకం రాసిందంటే, మాకు చదువు రాదు, మాకు వయసైపోయింది అనే మాట మన సంఘాల్లో ఇంక ఎవరూ అనకూడదు.

మన ఎస్.ఆర్. నగర్ అమ్మలు

ఎస్.ఆర్. నగర్ అంటే నీలం సంజీవరెడ్డి గారి పేరు. ఆయన ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, తర్వాత రాష్ట్రపతి. కాలనీకి పేరు ఆయనది. అమీర్‌పేటలోకి పోతే కోచింగు సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మెట్రో వచ్చింది. ఇవన్నీ అందరికీ తెలుసు. ఈ బిల్డింగులు కట్టినప్పుడు ఇటుకలు మోసిన తల్లుల సంగతి ఎక్కడా రాసి లేదు. మేం పుస్తకం మొదలుపెట్టినప్పుడు బయటికొచ్చింది అదే.

చాలామంది పెద్దవాళ్లకు తాము ఏ సంవత్సరం పుట్టామో, పిల్లలు ఏ తారీఖున పుట్టారో తెలియదు. "మైత్రీవనం కడుతున్నప్పుడు నా బిడ్డ కడుపుల ఉండె" అని ఒక పెద్దమ్మ చెప్పింది. కరువుకు పాలమూరు నుంచి వచ్చిన ఇంకొకామె, చీరను రెండు కట్టెలకు కట్టి ఉయ్యాల చేసి, కంకర మోస్తూ మధ్య మధ్యలో వచ్చి ఊపి పోయిందట. బాలింత అయిన పదిహేను రోజులకే పనికి పోయానని చెప్పింది. పని ఇచ్చిన మేస్త్రీ పేరు ఆమెకు గుర్తుంది, తనకు పథ్యం వండిపెట్టిన పక్క గుడిసె ఆమె పేరు గుర్తుంది, ఆ బిల్డింగు పేరు మాత్రం గుర్తులేదు. ఇప్పుడు ఆ బిల్డింగులోనే ఆమె మనవడు కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటుండవచ్చు. ఎవరికి తెలుసు?

రాసేటప్పుడు ఒక పెద్ద చర్చ వచ్చింది. ఒక అక్క తన మొదటి బిడ్డ పోయిన సంగతి చెప్పి, చెప్పిన తర్వాత "ఇది రాయకండి" అంది. కొందరు రాయాలన్నారు, రాస్తేనే ఇంకొకరికి జాగ్రత్త తెలుస్తుందన్నారు. కొందరు ఆమె కడుపుకోత ఆమె ఇష్టం అన్నారు. చివరికి తీర్మానం చేశాం: చెప్పిన మనిషికి రాసింది చదివి వినిపించాలి, ఆమె ఒప్పుకుంటేనే ఉంచాలి, వద్దంటే కొట్టెయ్యాలి, పేరు పెట్టొద్దంటే పెట్టొద్దు. అప్పు తీర్మానం మీద వేలిముద్ర ఎట్లా తీసుకుంటామో దీని మీద కూడా అట్లాగే తీసుకుంటున్నాం. ఆ అక్క పేజీ కొట్టేశాం. రెండు నెలల తర్వాత ఆమే వచ్చి, "ఇప్పుడు రాయి, నేను చెప్తా" అని కూర్చుంది. ఈసారి బిడ్డకు పెట్టిన పేరు కూడా చెప్పింది. అంతకుముందు ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకలేదట.

కార్డులు అమ్మాలా, వద్దా?

కార్డులకు పెద్ద ఖర్చు కాలేదు. పాత శుభలేఖల గట్టి అట్టలు, టైలరింగ్ చేసే చెల్లెళ్ల దగ్గర మిగిలిన కట్‌పీసులు, పాత జాకెట్ల అంచులు, గాజు ముక్కలు, మైదాతో కాచిన జిగురు. చేస్తుంటే బాగున్నాయి. "ఇన్ని హాస్టళ్లు ఉన్నాయి, పిల్లలంతా అమ్మలను వదిలి వచ్చినవాళ్లే, అమ్ముదాం" అని కొందరన్నారు. "అమ్మ మీద వ్యాపారమా" అని కొందరన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. నెలకు నాలుగు రూపాయలు వస్తే సంఘానికి మంచిదే. ఇంకో పక్క ఆనా జార్విస్ కోపం కూడా న్యాయమే.

అందుకని మధ్యేమార్గం ఒకటి పెట్టుకున్నాం. కార్డు పైన మన చేతిపని ఉంటుంది, లోపల పేజీ ఖాళీగా ఉంటుంది. ఒక్క అక్షరం కూడా అచ్చువేయం. కొన్నవాళ్లు తమ అమ్మకు తామే రాసుకోవాలి. మెస్‌లో వంట చేసే మన సభ్యులు కొన్ని కార్డులు హాస్టల్ పిల్లలకు చూపించారు. ఒక అబ్బాయి, "మా అమ్మకు చదవడం రాదు ఆంటీ, ఏం రాయను?" అని అడిగాడట. "అయితే బొమ్మ గియ్యి బిడ్డా" అని మన అక్క చెప్పింది. వాడు తను ఉండే గది, మంచం, అన్నం కంచం గీశాడు. నేను తింటున్నా, నాకు పడుకోవడానికి జాగా ఉంది అని అమ్మకు తెలియడానికి అంతకన్నా రాత ఏం కావాలి?

మన సభ్యులు కూడా తమ అమ్మలకు కార్డులు చేశారు. రాయడం రానివాళ్లు చెప్తుంటే బడికి పోయే పిల్లలు రాశారు. "అమ్మా, నువ్వు ఆకలి లేదని చెప్పిన ప్రతిసారీ నాకు తెలుసు" అని ఒకామె చెప్పింది. రాస్తున్న పిల్ల వాళ్ల అమ్మ ముఖం చూసి, పెన్ను పక్కన పెట్టి, మళ్లీ తీసుకుంది.

వచ్చే సంవత్సరానికి నా మాట

సమాఖ్య ముందు మూడు సంగతులు పెడుతున్నా. ఒకటి, ప్రతి సంఘం మినిట్స్ పుస్తకంతో పాటు అమ్మల పుస్తకం కూడా ఉంచాలి. నెలకు ఒక్క తల్లి, ఒక్క పేజీ. పదిమంది సభ్యుల సంఘంలో పది నెలల్లో పది జీవితాలు అయిపోతాయి. రెండు, రాసేటప్పుడు వాళ్ల మాట వాళ్ల మాటగానే రాయాలి. "తెల్వది" అంటే "తెలియదు" అని దిద్దొద్దు. మూడు, వయసులో పెద్దవాళ్లతో మొదలుపెట్టాలి. పేర్లు రాసుకున్న పెద్దవాళ్లలో ఇద్దరు, మేం వాళ్ల ఇంటికి పోకముందే వెళ్లిపోయారు. వాళ్ల పిల్లలను అడిగితే, "మా అమ్మ ఎప్పుడూ ఏం చెప్పలేదు" అన్నారు. చెప్పమని అడిగినవాళ్లు ఉన్నారా అనేది వేరే సంగతి.

ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి మేలని మన పెద్దవాళ్లు సామెత చెప్పారు. ఆ ఏకులబుట్టలో ఏముందో ఇప్పటిదాకా ఎవరూ విప్పి లెక్క రాయలేదు. లెక్క రాయడం మన సంఘాలకు వచ్చిన పనే. పుస్తకం ఎస్.ఆర్. నగర్ సంఘం దగ్గర ఉంది. మీ అమ్మ సంగతి రాయించాలనుకునేవాళ్లు మీటింగు రోజు రండి. రాయడం రాకపోయినా రండి.

ఇట్లు,
సంఘం లీడరు, ఎస్.ఆర్. నగర్